తుఫాను వార్త మీద టైమ్ ఉందా? వాతావరణ శాఖ బులెటిన్‌కి నా రివ్యూ

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో బోట్లకి ఐస్ సప్లై చేస్తాను. మా బావ బోటు నడిపే సరంగు. అల్పపీడనం అన్న మాట వినపడితే చాలు, ఆర్డర్ పెట్టాలా ఆపాలా అని నాకు టెన్షన్. అందుకే భారత వాతావరణ శాఖ సైట్‌లో పెట్టే తుఫాను బులెటిన్ గురించి రాస్తున్నాను. ఐదుకి నాలుగు స్టార్లు.

సీజన్‌లో యూట్యూబ్ నిండా "మరి కొన్ని గంటల్లో విశాఖకు పెను ముప్పు" అనే వీడియోలే. కొన్ని గంటలంటే ఎప్పటి నుంచి? నిన్న పెట్టిన వీడియోని ఇవాళ మళ్ళీ ఎవరో ఫార్వర్డ్ చేస్తారు, హార్బరంతా ఒకటే హడావిడి. పాల ప్యాకెట్ కొంటే తేదీ చూస్తాం కదా, వార్తకి ఎందుకు చూడం?

బులెటిన్‌లో ఆ గొడవ లేదు. పైన నంబరు, జారీ చేసిన టైమ్ ఉంటాయి. ఏ గంటకి తుఫాను సముద్రంలో ఎక్కడుందో, మనకి ఎటువైపు ఎన్ని కిలోమీటర్ల దూరమో, ఎంత వేగంతో కదులుతోందో లోపల ఉంటుంది. తుఫానుగా మారాక మూడు గంటలకోసారి కొత్తది వస్తుంది. గాలి గంటకు 31 నుంచి 49 కిలోమీటర్లుంటే వాయుగుండం, 61 దాకా తీవ్ర వాయుగుండం, 62 నుంచి తుఫాను. పేరు పెట్టేది అప్పుడే. ఇంకా అల్పపీడనంగా ఉన్నదాన్ని పేరు పెట్టి పిలిచే ఛానెల్‌ని నేను అక్కడే ఆపేస్తాను.

తుఫాను వెళ్ళే దారి చూపే మ్యాప్ మాత్రం జాగ్రత్తగా చూడాలి. మధ్య గీత చూసి "కాకినాడ వైపు పోతోందంట, మనకేం లేదు" అనేవాళ్ళు మా దగ్గర బోలెడుమంది. గీత చుట్టూ వెడల్పవుతూ పోయే గరాటాలో తుఫాను కేంద్రం ఎటైనా వెళ్ళొచ్చు. గాలీ వానా దాని బయట కూడా ఉంటాయి.

స్టార్ ఎందుకు తగ్గించానంటే, ఈ వివరమంతా ఇంగ్లీషులో చదువుకోవాలి. బావకి నేను వాయిస్ మెసేజ్ పెడతాను, ముందు టైమ్ చెప్పి. తెలుగులో కావాలంటే రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ పోస్టులు, అలల ఎత్తుకి హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ సూచనలు చూడొచ్చు.

వీడియోల సంగతి బులెటిన్ తేల్చదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను మన ఎయిర్‌పోర్టు కప్పు పీకేసిన దృశ్యాలు మా గ్రూపులో ఇప్పటికీ "తాజా వార్త"గా తిరుగుతుంటాయి. ఒక స్క్రీన్‌షాట్ తీసి గూగుల్ లెన్స్‌లో వేస్తే చాలాసార్లు పాత లింకులు బయటపడతాయి, మసకగా ఉంటే కష్టం.

ఇదంతా నెట్ ఉన్నంతసేపే లెండి. హుద్‌హుద్ రోజున సెల్ సిగ్నళ్ళు ఏమయ్యాయో విశాఖవాళ్ళకి చెప్పక్కర్లేదు. షాపులో ఆకాశవాణి పట్టే బ్యాటరీ రేడియో ఒకటి ఉంచాను, సెప్టెంబరు చివర్లో బ్యాటరీలు మారుస్తాను.