నెల సరుకుల కిట్‌కి ముందే డబ్బు కట్టకండి: కర్నూలులో మా ఇంట్లో జరిగింది

కర్నూలులో ఫోన్ మీద సరుకులు తెప్పించుకునేవాళ్లు, ముఖ్యంగా "మూడు నెలల డబ్బు ఒకేసారి కట్టండి, నెలకు 300 తగ్గిస్తాం" అనే మాట విన్నవాళ్లు, దయచేసి ఇది చివరిదాకా చదవండి. నేను 12,600 రూపాయలు కట్టాను. మూడో నెలకు కట్టిన 4,200 మాత్రం గొడవపడి వెనక్కి తెచ్చుకున్నాను. మొదటి రెండు నెలల్లో తూకంలో పోయింది పోయినట్టే.

మా అత్తమ్మకి తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయింది. మంచం దిగాలంటే పక్కన మనిషి ఉండాలి. మా ఆయన పొద్దున ఏడుకు డ్యూటీకి వెళ్తే రాత్రి ఎనిమిదికి వస్తారు. ఇంతకుముందు నెల మొదట్లో నేనే సంచి పట్టుకుని పాతబస్తీ వైపు వెళ్లి, నాలుగు అంగళ్లు తిరిగి సరుకులు తెచ్చేదాన్ని. ఇప్పుడు వీధి చివరికి వెళ్లాలన్నా పక్కింటి వాళ్లను కూర్చోబెట్టాలి. మందులకు, ఫిజియోథెరపీకి డబ్బు పోతోంది కాబట్టి బియ్యం, పాలు, కూరగాయలు కాక మిగతా సరుకులకు నెలకు 4,500 దాటకూడదని లెక్క పెట్టుకున్నాం.

సరిగ్గా అప్పుడే ఒక అంగడి వాళ్ల మెసేజ్ వాట్సాప్‌లో వచ్చింది. 19 రకాల సరుకులతో నెల కిట్, 4,500. మూడు నెలలకు ముందే కడితే నెలకు 4,200. పైగా ఒక స్టీలు డబ్బా ఉచితం. శుక్రవారం ఆటోలో ఇంటికే తెచ్చి ఇస్తారు. మా వీధిలో అప్పటికే ఏడెనిమిది ఇళ్లవాళ్లు తీసుకుంటున్నారు. గడప దాటకుండా సరుకులు వస్తాయి, నెలకు 300 మిగులుతుంది అనుకుని ఆరోజే ఫోన్‌పే చేశాను.

మొదటి నెల కిట్ వచ్చినప్పుడే నాకు అనుమానం రావాల్సింది. కందిబ్యాళ్లు పోసుకునే డబ్బా మా ఇంట్లో పదేళ్లుగా ఉంది. రెండు కిలోలు పోస్తే మెడ దాకా వస్తుంది, మూత పెట్టేటప్పుడు నాలుగు గింజలు కింద పడతాయి. ఆ నెల రెండు కవర్లూ పోశాక కూడా పైన రెండు వేళ్ల వెలితి ఉంది. డబ్బాను ఇంకోసారి తట్టి చూశాను. పాత బ్యాళ్లు అడుగున ఏమీ లేవు. అత్తమ్మ పిలవడంతో వెళ్లిపోయాను, ఆ మాట మళ్లీ గుర్తే రాలేదు.

బ్యాళ్లు ఉడకలేదు కూడా. మామూలుగా మూడు విజిల్స్‌కి మెత్తగా అయ్యేవి ఆరు విజిల్స్ వచ్చినా పలుకుగానే ఉన్నాయి. గుప్పెడు తీసుకెళ్లి అత్తమ్మ చేతిలో పోశాను. ఆమె మంచం మీద పడుకునే నాలుగు గింజలు వేళ్ల మధ్య నలిపి, వాసన చూసి, "ఇవి పోయిన సంవత్సరం బ్యాళ్లు. ఎంతసేపు పెట్టినా ఇంతే. ఎంత పెట్టి తీసుకున్నావు?" అంది. ఆమె నడిచి తిరిగిన రోజుల్లో అంగట్లో కాటా ముల్లు నిలబడేదాకా కన్ను తిప్పేది కాదు. నేను ఆమెకు కవర్ చూపించాను. ఉత్త ప్లాస్టిక్ కవర్, పైన సీల్. దాని మీద పేరు లేదు, తేదీ లేదు, బరువు లేదు, ధర లేదు.

రెండో నెలకు మా ఇంట్లోకి చిన్న డిజిటల్ కాటా వచ్చింది. అత్తమ్మకి షుగర్ ఉంది, అన్నమైనా కొర్రలైనా గ్రాముల్లో కొలిచి పెట్టమని డాక్టర్ చెప్పడంతో కొన్నాం. ఆ శుక్రవారం కిట్ రాగానే, డబ్బాల్లో పోయకముందే, ఒక్కొక్క కవర్‌ను దాని మీద పెట్టాను. కిలో కందిబ్యాళ్ల కవర్ 915 గ్రాములు. రెండోది 905. కాటా చెడిపోయిందేమో అని భయపడి, కంపెనీ వాళ్ల కిలో ఉప్పు ప్యాకెట్ పెట్టి చూశాను. కవర్‌తో కలిపి 1,006 చూపించింది. కాటా బాగానే ఉంది.

అప్పుడు అన్నీ తూచాను. కిలో ఉద్దిబ్యాళ్లు 920. మూడు కిలోల చక్కెర కలిపి 2,740. కిలో బుడ్డలు (వేరుశెనగ గింజలు) 890. అరకిలో చింతపండు 440. ఇదంతా కవర్ బరువుతో కలిపి. అసలు సరుకు ఇంకా తక్కువే.

అన్నిటికంటే పెద్ద దెబ్బ నూనెలో. వాళ్ల లిస్టులో "శెనగనూనె 1 లీ. – 5" అని ఉంది. వచ్చినవి ఐదు కంపెనీ ప్యాకెట్లే. కళ్లద్దాలు పెట్టుకుని కింద చిన్న అక్షరాలు చదివితే 850 మి.లీ., 773.5 గ్రా. అని ఉంది. ప్యాకెట్ చేసిన కంపెనీ ఉన్నమాటే రాసింది, దాని తప్పేమీ లేదు. దాన్ని లీటరు అని లిస్టులో వేసి అమ్మింది అంగడివాళ్లు. ఐదు ప్యాకెట్లకు ముప్పావు లీటరు నూనె తక్కువ. ఇక్కడ ఒక మాట: లీటరు నూనె కిలో తూగదు, సుమారు 910 గ్రాములే ఉంటుంది. కాబట్టి 910 గ్రా. అని ఉంటే కంగారు పడకండి, అది నిండు లీటరే. 850, 800 మి.లీ. అని ఉంటేనే ధర దగ్గర ఆగి లెక్క వేయండి. ఒకప్పుడు నూనె లాంటి కొన్ని సరుకులకు ప్యాకెట్ సైజులు ఇవే ఉండాలని రూల్ ఉండేది. ఇప్పుడు ఆ రూల్ లేదు. ఎంత సైజైనా చేయొచ్చు, ఎంత ఉందో పైన రాస్తే చాలు. అందుకే చూడ్డానికి ఒకేలా ఉండే ప్యాకెట్లలో ఒకటి లీటరు, ఇంకోటి ముప్పావు చిల్లర.

ఆ రాత్రి మా ఆయన, నేను కూర్చుని లెక్క వేశాం. మా చుట్టుపక్కల ధరల ప్రకారం నూనెలో 120, కందిబ్యాళ్లలో 25, బుడ్డల్లో 16, చక్కెరలో 12, చింతపండులో 12, ఉద్దిబ్యాళ్లలో 10. మొత్తం 195 రూపాయలు. అంటే 300 తగ్గించామని చెప్పి 195 తూకంలో వెనక్కి లాగేసుకున్నారు. మిగిలిన 105 అయినా నిజమేనా అని, ఆదివారం మా ఆయన అదే లిస్టు పట్టుకుని వేరే అంగడికి వెళ్లి ఒక్కొక్కటి ధర అడిగి వచ్చారు. నిండు తూకంతో, నిండు లీటరు నూనెతో మొత్తం 4,110 అయింది. అసలు 4,500 అనే ధరే ఎక్కడా లేదు. తగ్గించి చూపించడానికే ముందు పెంచి రాశారు.

నేను ఫోన్ చేస్తే ఓనర్ మొదట చాలా మర్యాదగానే మాట్లాడాడు. "కవర్‌లో కట్టి నెల అయింటాదక్కా, తేమ ఆరిపోయింటాది" అన్నాడు. సీల్ వేసిన కవర్‌లోంచి తేమ ఎక్కడికి పోతుంది? చక్కెరలో 260 గ్రాముల తేమ ఉంటుందా? అదే అడిగాను. "మేం కవర్‌తో కలిపి తూస్తాం, అందరికీ అట్లే" అన్నాడు. కవర్‌తో కలిపి తూచినా కిలో రావాలి కదా అన్నాను. అప్పుడు గొంతు మారింది. "నచ్చకపోతే వచ్చే నెల నుంచి మానుకోండి, కట్టిన డబ్బు మాత్రం వాపసు రాదు, ముందే చెప్పినాం" అన్నాడు. ముందు ఏమీ చెప్పలేదు. చెప్పినట్టు కాగితం మీదా లేదు, వాట్సాప్‌లోనూ లేదు.

సరుకులు తెచ్చే పిల్లవాడి తప్పు ఇందులో ఏమీ లేదు. "అక్కా, అన్న ఇచ్చింది తెచ్చి ఇస్తా, అంతే" అన్నాడు పాపం. దయచేసి ఎవరూ అతని మీద కోప్పడకండి.

మా ఆయన స్నేహితుడొకరు చెప్పాక నాకు ఒక సంగతి తెలిసింది. ఇది ప్రతి ఇంట్లోనూ తెలియాలి. మన కళ్ల ముందు తూచి ఇచ్చే సరుకు వేరు. కొనే మనిషి లేనప్పుడు ముందే తూచి కట్టి పెట్టింది ఏదైనా చట్టం లెక్కలో ప్యాకెట్ కిందికి వస్తుంది. అది పెద్ద కంపెనీ కట్టినా, వీధి చివరి అంగడివాళ్లు కట్టినా ఒకటే. 2011 నాటి ప్యాకేజ్డ్ సరుకుల రూల్స్ ప్రకారం దాని మీద కట్టినవాళ్ల పేరు, అడ్రస్, సరుకు పేరు, నికర బరువు, నెల, సంవత్సరం, అన్ని పన్నులు కలిపిన ఎమ్మార్పీ, ఫిర్యాదుకు ఫోన్ నంబర్ ఉండాలి. నికర బరువు అంటే కవర్ తీసేశాక ఉండే బరువు. నాకు వచ్చిన ఉత్త కవర్లలో వీటిలో ఒక్కటీ లేదు. అంగట్లో వాడే ఎలక్ట్రానిక్ కాటాకు కూడా ఏడాదికోసారి తూనికలు కొలతల శాఖ వాళ్లతో ముద్ర వేయించుకోవాలి.

ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకుని మళ్లీ ఫోన్ చేశాను. కవర్లు తూచేటప్పుడు వీడియో తీశానని, మెసేజ్‌లు, డబ్బు కట్టిన స్క్రీన్‌షాట్లు అన్నీ ఉన్నాయని, తూనికలు కొలతల వాళ్లకు చూపిస్తానని చెప్పాను. రెండు గంటల్లో మూడో నెల 4,200 నా ఖాతాలో పడింది. రెండు నెలల తూకం తేడా మాత్రం ఇవ్వలేదు. నా డబ్బు వచ్చింది కదా అని ఊరుకోలేకపోయాను. మా వీధిలో పింఛను మీద బతికే పెద్దవాళ్లు ఇద్దరు అదే కిట్ తీసుకుంటున్నారు. అందుకే 1915 కి ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టాను. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఫిర్యాదు నంబర్ ఇచ్చారు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. కొన్నదాని విలువ 5 లక్షల లోపు ఉంటే అక్కడ ఫీజు లేదు. ఒక్క లోటు ఏమిటంటే నాకు పక్కా బిల్లు లేదు, వాట్సాప్ లిస్టే ఉంది. మీరైనా బిల్లు లేకుండా డబ్బు పంపకండి.

బియ్యం సంగతి కూడా చెప్పాలి. ఇందులోనూ నన్ను మోసం చేయబోయారు కానీ అప్పటికి కళ్లు తెరుచుకున్నాయి. అదే అంగడివాళ్లు "కర్నూలు సోనా బస్తా 1,440, బయట 1,480" అని మెసేజ్ పెట్టారు. 2022 జులై 18 నుంచి 25 కిలోల దాకా ఉన్న లేబుల్ బస్తాల మీద జీఎస్టీ పడింది. అప్పటి నుంచి చాలామంది 26 కిలోల బస్తాలు కడుతున్నారు. బయట 1,480 కి వచ్చేది 26 కిలోలు, కిలో 57 లోపే. వీళ్ల 1,440 బస్తా 25 కిలోలు, కిలో 57 రూపాయల 60 పైసలు. 40 రూపాయలు తక్కువ అనిపించే బస్తాయే కిలో లెక్కన ఎక్కువ. బస్తా ధర కాదు, కిలో ధర అడగండి.

ఇప్పుడు నేను చేస్తున్నది ఇది. ఇంటి నుంచి కదలలేని పరిస్థితి అలాగే ఉంది, ఫోన్ మీదే తెప్పిస్తున్నాను. కానీ కిట్ వద్దు. రేటు, బరువు పక్కపక్కన రాసిన లిస్టు వాట్సాప్‌లో అడుగుతాను. బ్యాళ్లు, చక్కెర, బుడ్డలు లేబుల్ ఉన్న ప్యాకెట్లే పంపమంటాను. విడిగా అయితే ఆటోలోనే కాటా తెచ్చి గడప దగ్గర తూచమంటాను. ఒకాయన ఒప్పుకున్నాడు, ఆయన దగ్గరే తీసుకుంటున్నాం. తూచాకే డబ్బు. గ్యాస్ సిలిండర్ వచ్చినప్పుడు కూడా తూచమని అడుగుతున్నాను. గ్యాస్ 14.2 కిలోలు, ఖాళీ సిలిండర్ బరువు దాని మీదే రాసి ఉంటుంది, రెండూ కలిపి చూసుకోవడమే. ఎర్రగడ్డలు, టమోటాలు ఆదివారం మా ఆయన సి క్యాంప్ రైతుబజారు నుంచి తెస్తున్నారు, అక్కడ ఏ రోజు ధర ఆ రోజు బోర్డు మీద ఉంటుంది. ఇలా మొదలుపెట్టిన మొదటి నెలలోనే సరుకుల ఖర్చు 4,050 కి వచ్చింది, కందిబ్యాళ్ల డబ్బా మెడ దాకా నిండింది.

ఇంట్లో కాటా లేనివాళ్లు ఒక పని చేయొచ్చు. వచ్చిన కవర్లు విప్పకుండా అలాగే ఉంచి, వీధిలోకి వచ్చే కూరగాయల బండి ఆయనను తూచి పెట్టమని అడగండి. తూచేటప్పుడు కాటా అంకెలు కనబడేలా ఫోన్‌లో వీడియో తీయండి. ఒకసారి డబ్బాలో పోశాక ఎవరినీ అడగడానికి ఉండదు, మొదటి నెల నేను పోగొట్టుకున్నది అలాగే.

ఈ శుక్రవారం ఆ ఆటో మళ్లీ మా వీధికి వస్తుంది. ఇప్పటికే ముగ్గురు కాటా అడిగారు. పొద్దున పది నుంచి మా వరండాలో బల్ల మీద పెడతాను, పక్కనే కిలో ఉప్పు ప్యాకెట్ కూడా పెడతాను. ముందు ఉప్పు తూచుకుని, తర్వాత మీ కవర్లు తూచుకోండి.