‘మ్యూజియం క్వాలిటీ’ ఆయనకి మోడల్ రిపేరుకి ఇవ్వకండి

ఇంకా కోపంగానే ఉంది, కాబట్టి రాతలో తప్పులుంటే సర్దుకుపోండి. ఎవరి గురించో మీలో చాలామందికి ఈపాటికే అర్థమై ఉంటుంది. ప్రతి ఫోటో కింద ‘మ్యూజియం క్వాలిటీ’ అని రాసే ఆయనే. పాత ఓడల మోడళ్లు కొని బాగుచేసి అమ్ముతాడు, మనలాంటివాళ్లవి రిపేరు కూడా చేసిపెడతాడు. పేరు రాయను. ఆయనకి పని ఇవ్వకండి. ఇంతటితో ఆపేయొచ్చు, కానీ జరిగింది చెప్పకపోతే ‘డబ్బుల దగ్గర ఏదో తేడా వచ్చినట్టుంది’ అనుకుంటారు.

నాది కట్టీ సార్క్ అనే పాతకాలపు తెరచాప ఓడ మోడల్, 1/96 (అసలు ఓడలో తొంభై ఆరో వంతు) ప్లాస్టిక్ కిట్. ఇల్లు సర్దుతుంటే అట్టపెట్టె ఒకటి జారి మీద పడి ముందు స్తంభం పైభాగం విరిగింది, దాంతోపాటు కొన్ని దారాలు తెగాయి. రిగ్గింగ్, అంటే స్తంభాలకీ తెరచాపలకీ కట్టే తాళ్ల పని, మళ్లీ ముట్టుకునే ఓపిక లేక ఆయనకి పంపాను. అడిగింది రెండే పనులు, విరిగిన ముక్క అతకడం, తెగిన దారాలు కట్టడం. మిగతాదేమీ ముట్టుకోవద్దని రాసి మరీ పెట్టెలో పెట్టాను. సగం డబ్బు ముందే తీసుకున్నాడు, మిగతా సగం వస్తే గానీ మోడల్ కదలదన్నాడు. పని ఎంతవరకు వచ్చిందో ఒక ఫోటో పెట్టండి అంటే ‘మధ్యలో ఫోటోలంటే ఫ్లో పోతుంది సార్, టెన్షన్ పడకండి’ అన్నాడు. సరే అండి, మీ వీలు చూసుకోండి అన్నాను. నా మర్యాదకి దండేసి దండం పెట్టాలి.

పెట్టె విప్పాను. స్తంభం నిటారుగానే నిలబడింది, అది ఒప్పుకుంటాను. ఆ తర్వాత చూసిందేదీ నాది కాదు.

తెగిన దారాలు కట్టమంటే ముందు స్తంభానికి ఉన్న ష్రౌడ్లన్నీ పీకేశాడు. ష్రౌడ్లంటే తెలుసుగా, స్తంభాన్ని రెండు పక్కలా పట్టి ఉంచే తాళ్లు, వాటికి అడ్డంగా నావికులు ఎక్కడానికి కట్టే మెట్లు రాట్‌లైన్లు. నేను ఒక్కో ముడీ క్లోవ్ హిచ్ (రెండు చుట్లు చుట్టి బిగించే ముడి) వేసి, మూడున్నర, నాలుగు మిల్లీమీటర్ల ఎడంలో కట్టుకున్నాను. అసలు ఓడ మీద అది ఇంచుమించు అడుగు, అడుగుంపావు. ఆయన కట్టినవి స్కేలు పెట్టి కొలిచాను, ఎనిమిది మిల్లీమీటర్లు. తొంభై ఆరుతో హెచ్చవేసి చూడండి, మెట్టుకీ మెట్టుకీ మధ్య రెండున్నర అడుగులు! దారం మందం ఒక మిల్లీమీటరు, అంటే అసలు ఓడ మీద దాదాపు నాలుగు అంగుళాల లావు తాడు. గాలివానలో తెరచాప చుట్టడానికి పైకి పరిగెత్తాల్సిన మనిషి ఆ మెట్లు ఎక్కుతాడా, వాటిని కౌగిలించుకుని వేలాడతాడా? పైగా ముడి అనేదే లేదు. అడ్డంగా దారం పరిచి ప్రతి కూడలిలో సూపర్‌గ్లూ చుక్క. ఆవిరి పట్టి చుట్టూ నల్ల రంగు మీద తెల్లటి పొర. సూపర్‌గ్లూ పీల్చిన దారం ఎంత పెళుసవుతుందో మీకు తెలిసిందే, వేలితో తాకితే రెండు అక్కడికక్కడే విరిగాయి. పీవీఏ జిగురుతో (నీళ్లకి మెత్తబడే తెల్ల జిగురు) కట్టి ఉంటే తడి బ్రష్ పెట్టి మెత్తబరిచి తీసుకోవచ్చు. దీన్ని ఏం చేసి తీయను? సూపర్‌గ్లూని కరిగించేది అసిటోన్, అది కింద ఉన్న పాలీస్టైరీన్‌ని, అంటే కిట్ ప్లాస్టిక్‌ని కూడా కరిగించేస్తుంది. చెడగొట్టినా వెనక్కి తీసుకోవడానికి వీల్లేని పద్ధతిలో చెడగొట్టాడు.

అడుగు భాగం సంగతి. ఈ ఓడకి చెక్క మీద మంట్జ్ మెటల్ రేకులు కొట్టారు, రాగి అరవై పాళ్లు, జింకు నలభై పాళ్లు ఉండే ఇత్తడి రకం, చెక్కని సముద్రపు పురుగులు తినకుండా. లండన్‌లోని గ్రీనిచ్‌లో ఉన్న అసలు ఓడ అడుగు ఇప్పుడు మెరుస్తూనే ఉంటుంది, కాదనను. 2007లో మంటలు అంటుకున్నాక బాగుచేసి 2012లో మళ్లీ తెరిచినప్పటి రూపం అది. కానీ నా మోడల్ 1880లలో ఆస్ట్రేలియా నుంచి ఉన్ని మోసుకుని నెలల తరబడి నీళ్లలో ఉండి వచ్చిన ఓడ. గోధుమ రంగు, మధ్యమధ్య ఆకుపచ్చ చార, నీటి గీత దగ్గర ఉప్పు మరక, అన్నీ పొరలు పొరలుగా వేసుకున్నవి. వాటి మీద బంగారు రంగు స్ప్రే కొట్టేశాడు. అడగలేదు, చెప్పలేదు. బిల్లులో మాత్రం ‘అడుగు క్లీనింగ్’ అని ఒక లైను.

ఇదంతా చేతగానితనం అనుకుని తిట్టుకుని ఊరుకునేవాణ్ణేమో. అసలు సంగతి ఓడ ముక్కు దగ్గర ఉంది.

కట్టీ సార్క్ ముక్కున ఉండే బొమ్మ (ఫిగర్‌హెడ్ అంటారు) తెల్లటి మంత్రగత్తె, చెయ్యి ముందుకు చాచి, చేతిలో గుర్రం తోక. కిట్‌లో వచ్చిన ప్లాస్టిక్ బొమ్మకి మొహం సరిగ్గా లేదని నేను దాన్ని పక్కన పడేసి బాక్స్‌వుడ్ చెక్క ముక్కలో సొంతంగా చెక్కుకున్నాను. చెక్కేటప్పుడు చాచిన చెయ్యి మణికట్టు దగ్గర విరిగితే సన్నటి రాగి తీగ లోపలికి దింపి అతికాను. తీగ కొస ఒకటి రంగులోంచి కొద్దిగా బయటికి వచ్చి ఎర్రగా కనిపిస్తుంది, ఎన్నిసార్లు కప్పినా. ఈ మొత్తం మోడల్లో నాకు నచ్చిన పని ఏదంటే అదొక్కటే.

తిరిగొచ్చిన ఓడకి బొమ్మ ఉంది. మందంగా తెల్ల రంగు వేసి ఉంది. లైటు పక్కనుంచి పట్టి చూస్తే తల నడిమధ్య నుంచి మెడ మీదుగా నడుము దాకా సన్నటి గీత. అచ్చు గీత. రెండు అచ్చు పలకలు కలిసేచోట ప్లాస్టిక్ మీద పడే గీత, మనమంతా ప్రతి కిట్‌లోనూ కూర్చుని గీకి గీకి తీసే గీత. కత్తితో చెక్కిన చెక్కకి అచ్చు గీత ఎక్కణ్ణుంచి వస్తుంది చెప్పండి! చేతి దగ్గర రాగి తీగ లేదు. గోరుతో తట్టాను, ప్లాస్టిక్ చప్పుడు.

ఫోన్ చేశాను. గొంతు పెంచలేదు. ‘బొమ్మ మారినట్టుందండి, పొరపాటున వేరే ఓడది పెట్టారేమో’ అన్నాను, తప్పించుకోవడానికి దారి కూడా నేనే చూపించాను. ‘మీది ఎలా వచ్చిందో అలాగే పంపాను సార్’ అన్నాడు. ఫోటోలు పంపాను, అచ్చు గీత దగ్గరగా తీసి. వెంటనే ఫోన్ చేశాడు, నవ్వుతున్నాడు. ‘సార్, బొమ్మ ఓడకి బొమ్మ గురించి ఇంత గొడవా? మూడడుగుల దూరం నుంచి చూస్తే ఎవడికి తెలుస్తుంది?’

బొమ్మ ఓడ అట. ‘మ్యూజియం క్వాలిటీ’ అని రాసేటప్పుడు అది బొమ్మ ఓడ కాదు, మన దగ్గర డబ్బు లెక్కపెట్టుకునేటప్పుడు ‘రెస్టొరేషన్ అంటే తపస్సు సార్’. వస్తువు పోయిందని అడిగితే మాత్రం బొమ్మ ఓడ.

ఆ రాత్రి నిద్రపట్టక ఆయన అమ్మకానికి పెట్టినవన్నీ తిరగేశాను. ఇంకో కట్టీ సార్క్ ఉంది, ‘చేత్తో చెక్కిన ఫిగర్‌హెడ్’ అని గొప్పగా రాసి. ముక్కు దగ్గరి ఫోటో పెద్దది చేసి చూశాను. మణికట్టు దగ్గర ఎర్రటి చుక్క. నా రాగి తీగ. కాసేపు ఫోను పక్కన పెట్టేశాను, మళ్లీ తీసి చూశాను, అక్కడే ఉంది.

స్క్రీన్‌షాట్ పంపాను, ఒక్క మాట కూడా రాయకుండా. జవాబు: ‘చెక్క బొమ్మలన్నీ ఒకేలా ఉంటాయి సార్. అనవసరంగా నింద వేయకండి.’ పొద్దున చూస్తే ఆ ఫోటో ముక్కు దగ్గర కత్తిరించి ఉంది, నా నంబరు బ్లాక్ అయి ఉంది. ఒకేలా ఉండే బొమ్మ అయితే ఫోటో ఎందుకు కోశావయ్యా మహానుభావా?

స్క్రీన్‌షాట్లు, బిల్లు, పంపేముందు నేను తీసిన ఫోటోలు నా దగ్గర ఉన్నాయి. వాటిలో బొమ్మ ఉన్నది ఒక్కటే, అదీ మసకగా. విరిగిన స్తంభాన్ని మాత్రం అన్ని వైపుల నుంచీ తీసుకున్నాను, ఆయనేదో దాన్ని ఎత్తుకుపోతాడన్నట్టు. ఆయన అమ్మకాలు పెట్టే ప్లాట్‌ఫామ్‌కి ఫిర్యాదు పెట్టాను. ‘పరిశీలిస్తున్నాం’ అని ఆటోమేటిక్ జవాబు వచ్చింది, అంతకుమించి ఏమీ లేదు.

ఎవరికైనా రిపేరుకి ఇవ్వక తప్పదనుకుంటే, పాడైన చోటే కాదు, బాగున్న చోట్లు కూడా దగ్గరగా ఫోటోలు తీసుకోండి, ముఖ్యంగా మీరు చేత్తో చేసుకున్నవి. ఊడొచ్చే భాగాలుంటే తీసి ఇంట్లో పెట్టుకోండి. దారాలకి ఏ జిగురు వాడతారో ముందే అడగండి, సూపర్‌గ్లూ అంటే అక్కడే వద్దనండి. విమానాల మోడళ్లు కట్టేవాళ్లకి కూడా ఇదే చెబుతున్నా, కాక్‌పిట్‌లో సొంతంగా చేసుకున్న సీటు బెల్టులూ, పానెళ్లూ ఇలాగే మాయమవుతాయి. మధ్యలో ఫోటోలు పెట్టనన్నవాడికి రెండో సగం డబ్బు ఇవ్వకండి.

ఆ రెండో కట్టీ సార్క్ ఇంకా అమ్మకానికే ఉంది. మీలో ఎవరైనా దాన్ని చూసి మనసు పడి ఉంటే కొనే ముందు బొమ్మ చేతి ఫోటో దగ్గరగా తీసి పంపమని అడగండి, ఏం జవాబిచ్చాడో ఇక్కడ రాయండి. నన్ను ఎలాగూ బ్లాక్ చేశాడు.