ఎం83 ‘జంక్’: ఇంకో ‘మిడ్‌నైట్ సిటీ’ కోసం వచ్చినవారి అలక

‘మిడ్‌నైట్ సిటీ’ పాటలో మొదటి నుంచీ వినిపించే ఆ ఎత్తైన పిలుపు ఏ వాద్యానిదో కాదనీ, ఎం83 అనే ఫ్రెంచ్ ఎలక్ట్రానిక్ సంగీత బృందాన్ని నడిపే ఆంథోనీ గొంజాలెజ్ తన గొంతునే యంత్రంలో వంచి, సాగదీసి తయారుచేసుకున్నదనీ తెలిసినప్పుడు కలిగిన ఆశ్చర్యం నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆ పాట ఉన్న ‘హర్రీ అప్, వియ్ ఆర్ డ్రీమింగ్’ 2011 అక్టోబరులో రెండు డిస్కులుగా వెలువడి గ్రామీ నామినేషన్ దాకా వెళ్లింది. పిచ్‌ఫోర్క్ పత్రిక ఆ ఏటి ఉత్తమ గీతంగా ‘మిడ్‌నైట్ సిటీ’నే ఎంచింది. అంత పేరు తెచ్చిన ఆల్బమ్ తరువాత ఏది చేసినా పోలిక తప్పదు. మధ్యలో ‘ఒబ్లివియన్’ సినిమాకు సంగీతం సమకూర్చిన గొంజాలెజ్, నాలుగున్నరేళ్ల తరువాత, 2016 ఏప్రిల్ 8న, 15 ట్రాకులతో ‘జంక్’ను విడుదల చేసినప్పుడు జరిగింది కూడా అదే.

ఆల్బమ్ చేతికి రాకముందే చాలామంది అభిమానుల ముఖం చిట్లింది. అట్ట మీద పిల్లల కార్యక్రమం నుంచి లేచి వచ్చినట్టున్న బొచ్చు బొమ్మలు. ముందుగా వదిలిన ‘డూ ఇట్, ట్రై ఇట్’ పాటలో ఎగిరెగిరి పడే పియానో, కీచుమనే గొంతులు. ఆకాశమంత విశాలమైన సింథసైజర్ల కోసం ఎదురుచూసినవారికి ఇది ఆటపట్టించినట్టే అనిపించింది. విమర్శకులూ ఒక్క మాట మీద నిలవలేదు. విజయసూత్రాన్ని తిరిగి వాడుకోకపోవడమే ధైర్యమని కొందరు మెచ్చుకోగా, పాత టీవీ సీరియళ్ల చౌకబారు సంగీతానికి నకలు తీశాడని మరికొందరు తేల్చేశారు. తన చిన్ననాటి అమెరికన్ ధారావాహికలు, ముఖ్యంగా ‘పంకీ బ్రూస్టర్’, ‘హూ ఈజ్ ద బాస్’ వంటివి, దీనికి ప్రేరణ అని గొంజాలెజ్ తానే చెప్పాడు కనుక రెండో పక్షానికి వాదన వెతుక్కునే పని కూడా లేకపోయింది.

ఇక్కడే నాకు పేచీ ఉంది. ఆ ధారావాహికలు నేను చూడలేదు. మా ఇంట్లో ఆ రోజుల్లో ఉన్నదల్లా దూరదర్శన్ ఒక్కటే. ‘మూన్ క్రిస్టల్’ వింటే అమెరికన్ శ్రోతకు ఏ సీరియల్ టైటిల్ కార్డు కళ్ల ముందు మెదులుతుందో నాకు తెలియదు. నాకు వినిపించేది కులాసాగా నడిచే ఒక బాణీ మాత్రమే, అది కూడా కాస్త పలచనిదే. అందువల్ల ఈ ఆల్బమ్‌ను జ్ఞాపకాల బరువు లేకుండా తూచవచ్చు. అలా తూచినప్పుడు దీని లోపం పాతవాసన కాదని, కూర్పులో ఉందని అనిపిస్తుంది.

వరుస చూడండి. మాయ్ లాన్ గొంతుతో హుషారుగా సాగే ‘గో!’ రెండో పాట. చివరి భాగంలో స్టీవ్ వై గిటార్ మెరుపులా దూసుకువచ్చి, సిగ్గుపడకుండా ఆడంబరంగా వాయించి వెళ్లిపోతుంది. ఆ ఊపును కొనసాగించకుండా, కొంత దూరంలోనే ‘మూన్ క్రిస్టల్’ వంటి వాద్యఖండం అడ్డుపడుతుంది. నార్వే గాయని సుసానే సుండ్‌ఫోర్ పాడిన ‘ఫర్ ద కిడ్స్’ నిజంగా గుండెను తాకే నెమ్మది పాట, కానీ దాని చుట్టూ ఉన్న చిలిపితనం వల్ల అది కూడా వేళాకోళమేమోనని శ్రోత అనుమానించే స్థితి వచ్చింది. పేరున్న అమెరికన్ గాయకుడు బెక్ పాడిన ‘టైమ్ విండ్’ గురించి చెప్పుకోవలసింది పెద్దగా లేదు. పేరు చూసి ఆశపడితే మామూలు పాట దొరుకుతుంది.

‘సాలిట్యూడ్’ మాత్రం వేరు. తీగవాద్యాలు అలలుగా లేస్తుండగా గొంజాలెజ్ గొంతు దాదాపు గుసగుసగా మొదలవుతుంది, ఆపైన ఒక సింథసైజర్ మనిషి మూలిగినట్టు మెలికలు తిరుగుతూ పాటను తన చేతుల్లోకి తీసుకుంటుంది. హెడ్‌ఫోన్లు పెట్టుకుని, దీపం ఆర్పి వినవలసిన పాట ఇది. పాత ఎం83 ఎక్కడికీ పోలేదని, అలిగి మధ్యలోనే ఆపేసినవారు దీన్ని విని ఉంటే ఒప్పుకునేవారు.

ఇప్పటి శ్రోతలు నచ్చిన ఒకటి రెండు పాటలు ఏరుకుని మిగతావి చెత్తబుట్టలో వేస్తారనే బాధ కూడా ఈ ఆల్బమ్ పేరులో ఉందని గొంజాలెజ్ వివరించాడు. నేనూ అదే తప్పు చేశాను: నా ఫోన్‌లో 15 ట్రాకులలో 6 మాత్రమే మిగిలాయి. వాటిలో ఆఖరిది ‘సండే నైట్ 1987’. మెల్లని ఆ పాట చివర ఒక మౌత్ ఆర్గాన్ వస్తుంది. సోమవారం బడి ఉందని తెలిసిన పిల్లవాడి ఆదివారం రాత్రిలా, ముగియడానికి ఏమాత్రం ఇష్టం లేనట్టు, అది నెమ్మదిగా సన్నగిల్లుతుంది.