లక్ష్మీ ఆసు యంత్రం: భుజానికి ఎంత మేలు చేసింది

పోచంపల్లి పట్టుచీరలో పేకకు (అడ్డపోగులకు) చిటికి కట్టే ముందు, అంటే రంగు అంటకూడని చోట్ల దారాన్ని బిగించి కట్టే ముందు, జరగవలసిన పని ఆసు పోయడం. అర్ధచంద్రాకారంలో నిలిపిన పుల్లలకూ ఎదుటి కొసన ఉన్న మేకుకూ మధ్య దారాన్ని తిప్పుతూ, ఒక చీరకు చేతిని దాదాపు 9,000 సార్లు అటూ ఇటూ ఆడించాలి. నేలమీద కూర్చున్న మనిషి భుజానికి నాలుగైదు గంటలపాటు ఆసరా ఉండదు, పుల్లల వరుస తప్పకుండా చూపు నిలపాలి. ఇది ఇంట్లో ఆడవాళ్లు చేసే పని కావడంతో, ఆ నొప్పిని వృత్తి తెచ్చిన జబ్బుగా లెక్కించినవారు తక్కువ.

ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తన తల్లి పడిన ఈ బాధను చూసి 1999లో తయారుచేసిన యంత్రానికి ఆమె పేరే పెట్టారు. 2017లో ఆయనకు పద్మశ్రీ లభించింది. దీనిలోని గొప్పతనం వేగం కాదని నా అభిప్రాయం, ఒక చీరకు ఆసు గంటన్నరలో ముగిసినప్పటికీ. నొప్పి పుట్టించే కదలికనే మనిషి నుంచి తీసివేసి మోటారుకు అప్పగించడం అసలు విశేషం. నడుముకు మెత్త వేసుకోమనో, మధ్యమధ్య లేచి తిరగమనో చెప్పే సలహాలన్నీ ఆ కదలికను అలాగే ఉంచి చెప్పేవే. దారం అందించడం, తెగితే ముడివేయడం, లెక్క సరిచూడడం మాత్రం మనకు మిగులుతాయి.

అయితే ఆసుతోనే ఒళ్లునొప్పులు తీరవు. చిటికి కట్టేటప్పుడు గంటలకొద్దీ వంగి ఉండడం, గుంట మగ్గం దగ్గర నడుముకు ఆనుడు లేకపోవడం అలాగే ఉన్నాయి. యంత్రం వల్ల మిగిలిన సమయాన్ని ఆ పనులకే మళ్లిస్తే భుజం తేలికపడి మెడ బిగుస్తుంది. ఈ లోపం యంత్రానిది కాదు, ఇంటి పని పంపకానిది.

కొనదలచినవారు రెండు సంగతులు చూసుకోవాలి. కరెంటు నిలకడగా ఉండాలి. తెగిన దారం అందుకోవడానికి మళ్లీ వంగనక్కర లేకుండా, యంత్రాన్ని వాడేవారి ఎత్తుకు తగినట్టు అమర్చుకోవాలి. ఒక్క ఇంటికి ఖర్చు బరువనిపిస్తే, పక్కిళ్లవారికి కూలికి ఆసు పోసి ఇచ్చే పద్ధతి పెట్టుకోవచ్చు.