నిమ్మరసం: ముందే కలిపి ఉంచడమా, అప్పటికప్పుడు పిండడమా?

మా విజయనగరంలో ఏప్రిల్ వచ్చిందంటే ఇంటికొచ్చిన మనిషిని కాఫీ తాగుతారా అని అడగబుద్ధి కాదు. కోట దగ్గర ఆటో దిగి రెండు వీధులు నడిచొచ్చేసరికి చొక్కా వీపుకి అంటుకుపోతుంది. ముందు చేతికి నిమ్మరసం గ్లాసు అందాలి. అది ఎలా చేయాలన్నదాని మీద మా ఇంట్లో ఏటా రెండు పక్షాలు. అప్పటికప్పుడు పిండితేనే నిమ్మరసం అంటారు అత్తయ్య. ఓ జగ్గు నిండా చేసి ఫ్రిజ్‌లో పెట్టేస్తే గొడవ ఉండదు కదా అని నేను.

నా పక్షం ఎక్కడ ఓడిపోయిందో చెబుతాను. శ్రీకాకుళంలో మా చెల్లెలి గృహప్రవేశానికి యాభై కాయలు ముందురోజు రాత్రే పిండేశాను. వాసన బాగుంటుందని పిండిన డిప్పలు ఓ పది అందులోనే వదిలాను. గింజలు కూడా సరిగ్గా వడకట్టలేదు. పడుకునే ముందు చెంచాడు రుచి చూస్తే అమృతంలా ఉంది. తెల్లారి మొదటి గ్లాసు పెద్దమ్మకిచ్చాను. ఒక్క గుటక వేసి, "ఏటే పిల్లా, ఇంత సేదుగుంది?" అంది. ఇంకో కిలో పంచదార పోసినా ఆ చేదు పోలేదు. మొత్తం పారబోశాం.

తర్వాత తెలిసింది కారణం. నిమ్మగింజల్లో, తొక్క కింద తెల్లటి పొరలో ఉండే ఒక పదార్థం పులుపు తగిలితే మెల్లమెల్లగా లిమోనిన్ అనే చేదుగా మారుతుంది. పిండిన వెంటనే నాలుకకి తెలియదు, గంటలు గడిచాక బయటపడుతుంది. పైగా రసం గాలి తగులుతూ ఎంతసేపు ఉంటే అంతగా విటమిన్ సి తగ్గిపోతుంది, ఆ తాజా వాసనా పోతుంది. కాబట్టి రసం విషయంలో అత్తయ్య మాటే మాట.

కానీ పంచదార విషయంలో నా మాట నెగ్గింది. చల్లటి నీళ్లలో పంచదార తొందరగా కరగదు. ఎంత తిప్పినా పలుకులు అడుక్కి చేరతాయి. పై గుటకలు పుల్లగా, చివరిది తియ్యగా ఉంటాయి. అందుకే గ్లాసుడు పంచదారకి గ్లాసుడు నీళ్లు పోసి, కరిగేదాకా మరగబెట్టి, చల్లార్చి సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెడతాను. తీగపాకం అక్కర్లేదు. మనిషి రాగానే గ్లాసులో రెండు పెద్ద చెంచాల పాకం, అరచెక్క నిమ్మరసం, చల్లటి నీళ్లు. రెండు నిమిషాల పని. వేడి పాకంలో మాత్రం నిమ్మకాయ పిండకండి, వాసనంతా ఆవిరైపోతుంది.

బెల్లమా, పంచదారా అని చాలామంది అడుగుతారు. అనకాపల్లి బెల్లం మనకి దగ్గరే, శ్రీరామనవమికి పానకం ఎలాగూ చేస్తాం. బెల్లం, నిమ్మ, కాస్త మిరియాలపొడి కలిస్తే నాకు చాలా ఇష్టం. కాకపోతే బెల్లం రుచి ముందుకొచ్చి నిమ్మ వెనక్కి వెళ్తుంది. అది పానకమే అనుకుని తాగాలి. నలకలు ఉంటాయి, వడకట్టడం తప్పదు. షుగర్ ఉన్నవాళ్లు బెల్లమైతే ఫర్వాలేదనుకుంటే పొరపాటే, అందులోనూ ఎక్కువ భాగం చక్కెరే.

ఉప్పు మాత్రం ఏ రకంలోనైనా ఉండాలి, చిటికెడు. మన తీరంలో ఎండకన్నా ఉక్కపోతే ఎక్కువ బాధపెడుతుంది. చెమట ఆరదు, ఆగదు, దాంతోపాటు ఉప్పూ పోతుంది. రుచికి కూడా ఉప్పు మంచిదే. చేదుని అణిచి తీపిని పైకి తెస్తుంది, పంచదార తక్కువ పడుతుంది. బీపీ, కిడ్నీ సమస్యలున్నవాళ్లకి మాత్రం డాక్టర్ చెప్పినంతే. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం వైపు చుట్టాలొస్తే నేను ముందే అడిగి గాని ఉప్పు వేయను. విరేచనాలవుతున్న పిల్లలకి నిమ్మరసంతో సరిపెట్టొద్దు, ఓఆర్ఎస్ ప్యాకెట్టే కలిపివ్వాలి.

పిండడానికి చేయా, ప్రెస్సా, మిక్సీయా? మిక్సీ వద్దే వద్దు, గింజా తొక్కా నలిగి చేదొస్తుంది. ప్రెస్సుతో రసం బాగా దిగుతుంది, కోసిన ముఖం చిల్లుల వైపు ఉండాలి. చాలామంది తిరగేసి పెడతారు. అయితే మరీ గట్టిగా నొక్కితే తొక్కలోని నూనె కూడా దిగుతుంది. నాలుగైదు గ్లాసుల దాకా నాకు చెయ్యే మేలు. ఫ్రిజ్‌లోంచి తీసిన కాయని కాసేపు బయట ఉంచి, గచ్చు మీద అరచేత్తో గట్టిగా నొక్కి దొర్లిస్తే మెత్తబడుతుంది. అప్పుడు కోసి పిండితే రసం ధారకడుతుంది, గింజలు వేళ్ల సందున ఆగిపోతాయి.

సోడా కావాలంటే అన్నీ కలిపాక చివర్లో, గ్లాసు అంచు మీదుగా పోయాలి. పోశాక ఉప్పు వేస్తే సగం నురగై పొంగిపోతుంది. ఇక ఇత్తడి, రాగి చెంబుల్లో నిమ్మరసం ఉంచొద్దు, పులుపుకి లోహం దిగుతుంది. స్టీలో గాజో మంచిది.

ఇప్పుడు మా ఫ్రిజ్ తలుపులో పాకం సీసా, వంటింటి గట్టు మీద బుట్టలో కాయలు. పాకం నేను కాస్తాను, కాయలు అత్తయ్య పిండుతారు.