ఒక కారకమా, మూడు కారకాలా?

ధవళేశ్వరం దగ్గర నీరు వదిలితే డెల్టా కాలువలు నిండుతాయి. శివారు చేనుకు ఆ నీరు ఎప్పుడు, ఎంత చేరుతుందనేది వేరే లెక్క. భీమవరంలో కూర్చుని షేర్ల రాబడిని వివరించే రెండు నమూనాలను పోల్చినప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది.

1964లో ఆర్థికవేత్త విలియం షార్ప్ ప్రతిపాదించిన క్యాపమ్ (క్యాపిటల్ అసెట్ ప్రైసింగ్ మోడల్) ఆనకట్ట గేటునే, అంటే మొత్తం మార్కెట్ అనే ఒకే కారకాన్ని చూస్తుంది. మార్కెట్ కదిలితే షేరు ఎంత కదులుతుందో చెప్పే బీటా ఒక్కటే దాని కొలమానం. ఆర్థికవేత్తలు ఫామా, ఫ్రెంచ్‌ల 1993 నాటి నమూనా దానికి మరో రెండు కారకాలను చేర్చింది: కంపెనీ పరిమాణం, పుస్తక విలువకూ (ఖాతాల ప్రకారం కంపెనీ నికర విలువ) మార్కెట్ విలువకూ ఉన్న నిష్పత్తి.

పరీక్ష రెండింటికీ ఒకటే. నెలవారీ రాబడిలోంచి 91 రోజుల ట్రెజరీ బిల్లు వడ్డీ తీసేసి, మిగిలినదాన్ని కారకాలపై రిగ్రెషన్ చేస్తాం, అంటే అందులో ఏ కారకం వాటా ఎంతో గణాంక పద్ధతిలో తేలుస్తాం. వివరణకు అందకుండా మిగిలే ఆల్ఫా సున్నాకు దగ్గరైతే నమూనా గట్టిదే.

అసలు చిక్కు చిన్న షేర్లతో. కొన్ని రోజులు వాటిలో లావాదేవీలే అంతంతమాత్రం. ధర ఆలస్యంగా కదలడంతో బీటా ఉన్నదానికన్నా తక్కువగా కనిపిస్తుంది. ముందు నెల మార్కెట్ రాబడిని కూడా సమీకరణంలో చేర్చితే కొంత సర్దుకుంటుంది. మూతబడిన కంపెనీలను డేటాలోంచి వదిలేయడం ఇంకా ప్రమాదం: వైరస్‌కు చెరువు పోగొట్టుకున్న రైతును అడగకుండా రొయ్యల సాగు లాభం కట్టినట్టే.

నా ఓటు మూడు కారకాలకే. అయితే అమెరికా అంకెలను అరువు తెచ్చుకోవద్దు. భారత మార్కెట్ కారకాల డేటాను అహ్మదాబాద్ ఐఐఎం అందిస్తోంది. కంపెనీకి మూలధనం సమకూర్చుకోవడానికి అయ్యే ఖర్చును చప్పున అంచనా కట్టాలంటే మాత్రం క్యాపమ్ చాలు.