గేటెడ్ కమ్యూనిటీనా, స్టాండలోన్ అపార్ట్‌మెంటా, ఇంటి పోర్షనా: హైదరాబాద్‌లో అద్దెకు ఏది మేలు?

హైదరాబాద్‌లో డబుల్ బెడ్‌రూమ్ కోసం తిరిగితే ముఖ్యంగా మూడు రకాలు కనిపిస్తాయి. ఓనరు కింద ఉంటూ పై అంతస్తు అద్దెకిచ్చే పోర్షన్, పది పదిహేను ఫ్లాట్లుండే స్టాండలోన్ అపార్ట్‌మెంట్, వందల ఫ్లాట్ల గేటెడ్ కమ్యూనిటీ. టు-లెట్ బోర్డు మీది అద్దె చూసి పోల్చితే పోర్షనే చవక. కానీ ముందు నీళ్లు, ఆ తర్వాత కరెంటు మీటరు, చివరికి అద్దె చూడాలి.

పోర్షన్‌లో అసలు చిక్కు మీటరు. రెండు కుటుంబాలకు ఒకే మీటరు ఉంటే యూనిట్లు కలిసిపోయి, బిల్లు ఎక్కువ రేటున్న పై స్లాబులోకి పోతుంది. తెలంగాణలో 2022లో సవరించిన రేట్ల ప్రకారం ఒక ఇల్లు నెలకు 180 యూనిట్లు వాడితే ఎనర్జీ ఛార్జీ 724 రూపాయలు. అలాంటి రెండిళ్లు ఒకే మీటరు మీద ఉంటే 360 యూనిట్లకు 2,330 అవుతుంది. సగం పంచుకున్నా మీ వాటా 1,165. తెల్ల రేషన్ కార్డు ఉండి గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు ఉచిత కరెంటు పొందేవాళ్లకైతే ఆ లాభమే పోతుంది. సబ్ మీటరు పెట్టిస్తామంటే సరిపోదు, అది మీ వాటా ఎంతో చూపిస్తుంది తప్ప స్లాబును దించదు. విడి సర్వీసు నంబరు ఉందా అని అడిగి, పాత బిల్లు చూడండి.

పోర్షన్‌లో మెయింటెనెన్స్ దాదాపు ఉండదు, ఇల్లు విశాలంగా ఉంటుంది, బాల్కనీలో తులసికోటకూ చోటుంటుంది. బదులుగా గేటు తాళం వేళ, మాంసాహారం, వచ్చిపోయే చుట్టాలు అన్నీ ఓనరు ఇష్టం మీదే. అడ్వాన్స్ ఇవ్వకముందే అవన్నీ మొహమాటం లేకుండా మాట్లాడుకోవాలి.

స్టాండలోన్‌లో తేడా అంతా నీళ్లలోనే. మనిషికి రోజుకు 135 లీటర్లు అనే ప్రమాణంతో నలుగురున్న ఇంటికి 540 లీటర్లు కావాలి. పది ఫ్లాట్లకు 5,400. ఎండాకాలంలో బోరు ఎండితే 5,000 లీటర్ల ట్యాంకరు రోజుకొకటి వచ్చినా చాలదన్నమాట. ఆ ఖర్చు ఫ్లాట్ల మీద సమానంగా పడుతుంది, ఇద్దరే ఉండే ఇంటికీ ఆరుగురుండే ఇంటికీ ఒకే వాటా. అందుకే వాచ్‌మన్‌ను పక్కకు పిలిచి, ‘మే నెలలో ట్యాంకర్లు రోజుకు ఎన్ని వచ్చేవి?’ అని అడగండి. ఓనరు చెప్పనిది అతను చెబుతాడు. మంజీరా కనెక్షన్ (వాటర్ బోర్డు కుళాయి) ఉందా, నీళ్లు ఏయే రోజుల్లో వస్తాయి, సంపు ఎంత పెద్దదో కూడా కనుక్కోండి. కుళాయి మూతి చుట్టూ తెల్లటి పొర గట్టిపడి ఉంటే అవి బాగా కఠినమైన బోరు నీళ్లు. గీజరు కాయిలు, వాషింగ్ మెషీన్ త్వరగా పాడవుతాయి. పై అంతస్తు ఫ్లాట్ చూసేది మధ్యాహ్నం మూడింటికి చూడండి, పైకప్పు వేడి అప్పుడే తెలుస్తుంది. పైన ఇంకో ఫ్లాటుంటే, దాని బాత్రూమ్ కింద పడే సీలింగ్ మీద చెమ్మ మరక, దాని మీద కొత్తగా కొట్టిన సున్నం కూడా గమనించండి.

గేటెడ్‌లో చదరపు అడుగుల లెక్క మోసం చేస్తుంది. 1,400 అడుగులంటే అందులో కారిడార్లు, లిఫ్టులు, క్లబ్ హౌస్ వాటా కూడా ఉంటుంది, గడప లోపల మిగిలేది వెయ్యి అటూ ఇటూ. మెయింటెనెన్స్ మాత్రం 1,400కే కట్టాలి. అడుగుకు నాలుగు రూపాయలనుకుంటే నెలకు 5,600, ఇది అద్దెకు అదనం. వాడని ఈతకొలనుకు కూడా మనమే కడతాం. జనరేటరు ఫ్లాటు మొత్తానికా, లిఫ్టుకూ రెండు లైట్లకేనా అన్నది, సామాను దించేటప్పుడు అసోసియేషన్ తీసుకునే ఛార్జీ ఎంతన్నది ముందే తేల్చుకోవాలి. చిన్నపిల్లలుండి భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకు వెళ్లే ఇంటికి ఈ ఖర్చు గిట్టుబాటే. మిగతావాళ్లకు మంజీరా నీళ్లున్న స్టాండలోన్ మేలు. విడి మీటరు, నెమ్మదైన ఓనరు దొరికితే మాత్రం పోర్షన్‌ను వదలొద్దు.

అగ్రిమెంటు మూడింటిలోనూ సాధారణంగా 11 నెలలకే రాస్తారు. ఏడాదికి మించిన లీజును 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం తప్పనిసరిగా రిజిస్టర్ చేయించాలి మరి. అడ్వాన్స్ ఎక్కువగా రెండు నెలల అద్దె. ఖాళీ చేసేనాడు పెయింటింగ్ పేరుతో ఒక నెల అద్దె కోసుకోవడం మామూలే కాబట్టి, ఎంత కోస్తారో, నోటీసు ఒక నెలా రెండు నెలలా అన్నది కాగితం మీద పెట్టించండి. పాత పన్ను విధానంలో హెచ్‌ఆర్‌ఏ (జీతంలో వచ్చే ఇంటి అద్దె భత్యం) మినహాయింపు కావాలంటే, ఏడాది అద్దె లక్ష దాటితే ఓనరు పాన్ అవసరం. పోర్షన్ ఓనర్లు కొందరు పాన్ ఇవ్వడానికి వెనకాడతారు, అదీ ముందే అడగాలి.

బేరానికి అనువైన కాలం ఆషాఢం. కొత్త ఇంట్లో పాలు పొంగించడానికి చాలామంది శ్రావణం కోసం ఆగుతారు, ఖాళీ ఫ్లాటుకు మెయింటెనెన్స్ కట్టుకుంటున్న ఓనరు ఒకటి రెండు వేలు తగ్గడానికి ఒప్పుకుంటాడు. పట్టింపు ఉంటే అగ్రిమెంటు ఆషాఢంలోనే రాసుకుని, అద్దె శ్రావణం నుంచి మొదలుపెట్టమనండి.